ఎలుకల రాత్రిని మోసుకుని బోధన్ దాకా

బోధన్ వెళ్లొచ్చానంటే అందరూ ముందు అడిగేది బెల్లం తెచ్చావా అని. తెచ్చాను. హాస్టల్లో ఆ పూటకే హారతి కర్పూరమైపోయింది. కానీ నేను వెళ్లింది బెల్లం కోసం కాదు. నా ఎలుకల కాలేయాల్లో ఎంత చక్కెర ఉందో కొలవడానికి వెళ్లాను. నవ్వండి, పర్లేదు. సూర్యాపేటలో మా అమ్మ ఈ మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పదు. "మా పిల్ల హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది" అని ఊరుకుంటుంది.

సంగతేమిటంటే, పగలూ రాత్రీ ఆకాశంలోనే కాదు, ఒంట్లోనూ ఉంటాయి. ఎలుక చీకట్లో తిరిగి తింటుంది, వెలుతురులో పడుకుంటుంది. తిన్నదాంట్లో కొంత చక్కెరను దాని కాలేయం దాచుకుంటుంది. తిండి వేళ ముగిసేసరికి ఆ నిల్వ నిండుగా ఉంటుంది, పడుకుని లేచేసరికి అడుగంటుతుంది. రోజూ ఇదే తంతు. దీన్ని నడిపించేది వెలుతురేనని మా ప్రొఫెసరు గారి గట్టి నమ్మకం. అది రుజువు చెయ్యడం కోసం నేను ఎలుకల రోజునే తలకిందులు చేశాను. పగలంతా నల్లగుడ్డ కప్పి చీకటి, రాత్రంతా దీపం. దాణా తెల్లవారగానే పెట్టి, పొద్దుగూకగానే తీసేస్తాను. వాటికి ఇది అలవాటయ్యేసరికి నెలలు పట్టింది. తీరా కొలిచే వేళకు ఆ యేటి ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో కాలేజీలన్నీ మూతబడ్డాయి. వాచ్‌మన్ కాళ్లావేళ్లా పడి ఎలుకల పెట్టెనైతే బయటికి తెచ్చుకున్నాను గానీ, ల్యాబుకు మాత్రం తాళమే. నా ఫెలోషిప్పు ఎండాకాలంతో సరి. ఈలోగా ఫలితం చూపించకపోతే సూర్యాపేట వెళ్లి బళ్లో పిల్లలకు కప్ప బొమ్మ గీసి చూపించుకోవాలి.

హాస్టల్లో నా గదిలో ఉండే సుశీలే దారి చూపించింది. "మా అన్న బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టు. చెరుకుల చక్కెర కొలిచేటోడు ఎలుకల కొలవలేడా?" అంది. మాట వినడానికి వెటకారంగా ఉన్నా విషయం నిజమే. ఫిబ్రవరిలో ఒక పొద్దున పెట్టె చంకన పెట్టుకుని కాచిగూడలో రైలెక్కాను.

రైల్లో పర్దా

ఆడవాళ్ల డబ్బాలో కిటికీకి వీలైనంత దూరంగా కూర్చుని పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. రేకు పెట్టె, పక్కలకు జాలీ, మీద రెండు మడతల నల్లగుడ్డ. పగటి వెలుతురు ఓ గంట తగిలిందా, నా నెలల కష్టం గంగలో కలిసినట్టే. ఎదురు బల్ల మీద ఒక పెద్ద వయసు బేగం, కూతురి పురుడుకని నిజామాబాదు పోతోంది. కాసేపు పెట్టెను, కాసేపు నన్ను చూసింది.

"లోపల ఏముంది బేటీ? కోడిపెట్టనా?"

ఎలుకలంటే డబ్బా అంతా ఖాళీ అవుతుందని, "పరీక్షకు తీసుకుపోయే జీవాలమ్మా. వెలుతురు తగలకూడదు" అన్నాను.

"పగలంత చీకట్లనే ఉండాల్నా?"

"పగలంతా."

"అచ్ఛా" అని తలూపింది. ఆమెకు ఇందులో వింతేమీ కనిపించినట్టు లేదు. నేనే కాస్త సిగ్గుపడ్డాను.

మేడ్చల్ దాటాక ఎవరో ట్రంకు పెట్టె జరుపుతుంటే దాని మూల తగులుకుని నా నల్లగుడ్డ పర్రున చిరిగింది. ఎండ నేరుగా జాలీ మీద పడింది. కొంగు లాగి కప్పాను గానీ, అది పల్చటి నూలు చీర, దాని గుండా నా చెయ్యే కనిపిస్తోంది. ఏడుపొక్కటే తక్కువ. బేగం గబగబా తన మూట విప్పి పాత బురఖా ఒకటి తీసింది. "బచ్చాకు పొత్తిగుడ్డలు చేద్దామని పట్కపోతున్న. పట్టు, పట్టు" అంటూ తనే పెట్టె చుట్టూ కప్పి, తల్లి చంటిబిడ్డకు చుట్టినట్టు అంచులు కిందికి దోపింది.

అంతలో టికెట్ కలెక్టరు వచ్చాడు. నా టికెట్ చూసి, పెట్టె చూసి, గుడ్డ ఎత్తమన్నాడు. నేను నోరు తెరిచేలోగా బేగం చెయ్యి అడ్డం పెట్టింది.

"పర్దా ముట్టొద్దు సాబ్. అందర్ జనానా హై."

పాపం ఆయన ఎంత మర్యాదస్థుడంటే, లోపల ఆడవాళ్లనగానే "మాఫ్ చెయ్యండమ్మా" అని రెండడుగులు వెనక్కి వేసి వెళ్లిపోయాడు. లోపలున్నవన్నీ మగ ఎలుకలని బేగంకు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

కామారెడ్డిలో మట్టి ముంతల్లో చాయ్ తాగాం. పదిహేను పైసలు, మట్టి వాసనతో బాగుంది. బేగం తన డబ్బా విప్పి రొట్టెలు, మామిడికాయ అచారు సగం నాకు పెట్టింది. నేను తెచ్చుకున్న పులిహోర ఆమెకిస్తే నాలుగు ముద్దలు తిని, "పులుపు మంచిగుంది, కారం ఏది?" అని అడిగింది. మేం కారానికి పేరున్న వాళ్లమని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. నిజామాబాదులో దిగేటప్పుడు బురఖా తిరిగివ్వబోతే పుచ్చుకోలేదు. "నీ బచ్చాలకు కప్పు" అని నవ్వి, జనంలో కలిసిపోయింది.

ఇందూరులో మధ్యాహ్నం

నిజామాబాదును అక్కడి పాతవాళ్లు ఇంకా ఇందూరు అనే అంటారు. బోధన్ రైలుకు బోలెడు టైముంది. టాంగా అతను "పసుపు గంజు సూడకుంటే ఇందూరు సూసినట్టే కాదక్కా" అని బలవంతాన తీసుకుపోయాడు. పసుపు అప్పుడే మార్కెట్టుకు వస్తోంది. కొమ్ముల గుట్టలు, సంచులు, హమాలీల కనురెప్పలు, ఆఖరికి అక్కడ తిరిగే మేకల గడ్డాలు కూడా పచ్చగా ఉన్నాయి. మా సూర్యాపేట మిర్చి మార్కెట్టులో మనిషి దగ్గుతాడు, ఇక్కడ తుమ్ముతాడు. నా పెట్టెలోంచి కూడా చిన్న చిన్న తుమ్ములు వినిపించాయని నా అనుమానం.

గంజు వెనక సందులో ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అందరూ సందుకు ఒకవైపు అరుగుల మీదే ఉన్నారు, రెండోవైపు అరుగులన్నీ ఖాళీ. ఎందుకని ఒకామెను అడిగాను.

"పొద్దుగాల గా దిక్కు కూసుంటం, పగటీలి సంది గీ దిక్కు. ఎల్తురు యాడుంటే గాడికి జరుగుతం. మసక మసకగ కనవడితే బీడి వదులైతది, షేటు తీసి పారేస్తడు."

ఎవరి ఇంటి అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చట. సొంత ఇల్లు పొద్దున మాత్రమే వెలుతురుగా ఉంటే, మధ్యాహ్నం ఎదురింటామె అరుగు మీదికి పోతారు. మా వైపు ఎదురింటి అరుగు మీద ఆ ఇంటివాళ్లు పిలవకుండా కూర్చుంటే సాయంత్రానికి అదో పంచాయితీ. నన్నూ ఆ అరుగు మీదే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. వెలుతురు వెంట జరిగే వాళ్ల మధ్య చీకటి పెట్టె పట్టుకుని నేను. ఎందుకో చాలా హాయిగా అనిపించింది.

బోధన్ రైలు

పొద్దుగూకేవేళ బోధన్ రైలు కదిలింది. ఎలుకలకు తెల్లవారాల్సిన వేళ అది. బురఖా తీసి, తెచ్చుకున్న కందిలి వెలిగించి పెట్టె ముందు పెట్టాను. డబ్బాలో అందరూ మాటలాపేశారు. ఎదురుగా కూర్చున్న రైతు తాత ఒకాయన తలపాగా సర్దుకుని, చేతులు జోడించి దణ్ణం పెట్టాడు.

"ఏ దేవుడు బిడ్డా?"

దేవుడు కాదు తాతా, ఎలుకలు అన్నాను. ఆయన వంగి చూశాడు. తెల్లని ఎలుకలు, ఎర్రని కళ్లు.

"పొద్దంత మూసిపెట్టి, పొద్దుగూకినంక దీపం పెడ్తున్నవ్. నీకేమన్న పానం బాగలేదా?" అన్నాడు. డబ్బా అంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. అయినా దిగేటప్పుడు పెట్టెకు ఇంకోసారి దణ్ణం పెట్టాకే దిగాడాయన. ఎందుకైనా మంచిదనుకున్నాడేమో.

కాలనీలో అవ్వ

బోధన్‌ను ముక్కే ముందు పట్టుకుంటుంది. ఊరింకా కనిపించకముందే ఉడికే చెరుకురసం వాసన, దాని వెనకే పులిసిన మడ్డి వాసన. మొదటిరోజు తల తిరిగింది, మూడోరోజుకు ఆ వాసన లేకపోతే అన్నం సయించనంత అలవాటైంది. గానుగ సీజను కావడంతో చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి ఊరిదాకా బారులు తీరి ఉన్నాయి. షిఫ్టు సైరను మోగితే కాలనీలో పొయ్యిలు వెలుగుతాయి, ఇంకోటి మోగితే పిల్లలు బడికి పోతారు. ఎవరింట్లోనూ గడియారం చూడ్డం నేను చూళ్లేదు.

సుశీల అన్న నర్సింగన్న నెమ్మదస్థుడు. వాళ్లమ్మ రాజవ్వ ఆ ఇంటికి పెద్దదిక్కు. ఆమెను అందరూ అవ్వ అంటారు, నేనూ అలాగే పిలిచాను. గడప దాటగానే ఆమె అడిగిన మొదటి మాట "తిన్నవా?" అని. తర్వాత తెలిసింది, ఆమె ఎవరినైనా అడిగే మొదటి మాట అదే. పాలవాణ్ని, పోస్టుమాన్‌ను, ఇంట్లోకి వచ్చిన పిల్లిని కూడా.

తిండి సంగతి చెప్పాలి. జొన్నరొట్టె చేత్తో కొట్టి, పెనం మీదినుంచి నేరుగా కంచంలో వేస్తుంది. పక్కన పచ్చిపులుసు, వెల్లుల్లి కారం, ఉల్లిగడ్డ. మరాఠీ దేశం దగ్గర కాబట్టి శనగపిండితో పిట్ల అని ఒకటి చేస్తుంది, గట్టి పప్పులా ఉంటుంది గానీ రొట్టెకు దాన్ని మించింది లేదు. మూడు పూటలా అన్నం తినే మా ఇంట్లో రొట్టె అంటే జ్వరం తిండి. ఇక్కడ నేను అన్నం అడిగితే అవ్వ నా నుదురు పట్టుకుని చూసింది.

పెట్టెను వెనకగదిలో పెట్టాను. అవ్వకు ఒకటే చెప్పాను. "అవ్వా, పగలు గుడ్డ ఎత్తొద్దు. ఎత్తితే నా చదువు పోతుంది."

"ఎందుకెత్తుత తియ్" అంది. కానీ ఆమె కళ్లలో జాలి. "గీ ముండలు ఏం పాపం జేసినయే? లోకమంత తిరిగేటప్పుడు చీకట్ల, లోకమంత పండేటప్పుడు దీపం ముందట."

కోటగిరి వైపు

ఫ్యాక్టరీ ల్యాబులో సీజను ఒత్తిడి. నర్సింగన్నకు వీలు చిక్కేదాకా వారం పైన ఆగాల్సి వచ్చింది. సాయంత్రాలు దీపం వెలిగించి నేను ఫ్యాక్టరీ ల్యాబుకు పోయి వాళ్ల పద్ధతి నేర్చుకునేదాన్ని, పగళ్లు ఊళ్లు తిరిగేదాన్ని. ఒకరోజు కోటగిరి వైపు కాలువ గట్టున చెరుకు నరికే చోటికి పోయాను. నరికేవాళ్లలో సగంమంది మరాఠీ మాట్లాడుతున్నారు, మిగిలినవాళ్లు తెలుగు, తిట్టుకునేటప్పుడు మాత్రం అందరూ ఉర్దూ. ఒకామె చెరుకు గడ కణుపు దగ్గర విరిచి నా చేతికిచ్చి, "పళ్లున్నయా?" అని అడిగింది. ఉన్నాయని రుజువు చేసేసరికి దవడలు రెండు రోజులు నొప్పిపెట్టాయి. బెల్లం వండే చోట వేడివేడి పాకం ఆకులో పోసి ఇచ్చారు. నాలుక కాలింది. మళ్లీ అడిగి పోయించుకున్నాను. నా జీవితంలో అంత తీరిగ్గా, అంత తృప్తిగా గడిచిన రోజులు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

ఒక్కటే మనసులో ముల్లులా ఉండేది. పొద్దున పెట్టిన దాణా సాయంత్రానికి మిగిలిపోతోంది. మొదట కొంచెం, తర్వాత సగం, తర్వాత ముట్టినట్టే లేదు. జబ్బేమో అని ఒక్కోదాన్నీ పట్టి చూశాను. ఒళ్లు నిగనిగలాడుతోంది. ఒకటైతే, చెవి కొస తెగినది, పందికొక్కులా బలిసింది. తినకుండా బలిసే ఎలుకను ఏ పుస్తకంలోనూ చదవలేదు. గాలి మార్పులే అనుకుని ఊరుకున్నాను.

నీలం ఎర్రబడే గది

కొలిచే రోజు రానే వచ్చింది. సగం ఎలుకలు ఈ పరీక్షకు, సగం తర్వాతకు. వాటిలో కొన్నింటిని పొద్దున, కొన్నింటిని సాయంత్రం. కోసే పని నాదే. అది ఎన్నిసార్లు చేసినా నాకు అలవాటు కాలేదు, కాకూడదని కూడా అనుకుంటాను. నర్సింగన్న అటు తిరిగి నిలబడ్డాడు.

పద్ధతి చూడ్డానికి బాగుంటుంది. నీలి ద్రావణం మరుగుతుంటే అందులో మన నమూనా చుక్క చుక్కగా వదలాలి. చక్కెర ఎక్కువుంటే నీలం తొందరగా ఇటుక రంగుకు తిరుగుతుంది, తక్కువుంటే ఆలస్యం. పగలంతా చీకట్లో ఉన్న నా ఎలుకల కాలేయాలు సాయంత్రానికి నిండుగా ఉండాలి, పొద్దున ఖాళీగా. కానీ పొద్దుటి నమూనా వదలగానే ఎర్రబడింది. సాయంత్రంది ఎంత వదిలినా నీలం నీలంగానే ఉంది. మళ్లీ చేశాం. మళ్లీ అంతే.

"మంచిగ తిరగవడ్డది చెల్లె" అన్నాడు నర్సింగన్న.

తిరగబడటానికి నాకు ఒకటే కారణం తోచింది. పగలు వెలుతురు తగిలింది. గుడ్డ ఎవరో ఎత్తారు. ఇంట్లో ఉండేది ఒక్క అవ్వే. ఒళ్లు మండిపోయింది. దారంతా ఏమనుకుంటూ పోయానో నాకే తెలీదు. గుమ్మంలోంచే అరిచాను.

"అవ్వా, పగలు గుడ్డ ఎత్తినవా?"

రొట్టె కొడుతున్న చెయ్యి ఆగింది. "నేనెందుకెత్తుత? నువ్వొద్దంటివి గద."

"నిజం చెప్పు. నా చదువంతా పోయింది."

"నా కొడుకు మీద ఒట్టు. ఎత్తలే." అవ్వ మొహం పొయ్యివైపు తిప్పుకుంది. నా వెనకే వచ్చిన నర్సింగన్న నేల చూస్తున్నాడు. రొట్టె పెనం మీద మాడుతోంది, ఎవరూ తియ్యలేదు. కాసేపటికి అవ్వే అంది, పొయ్యితో చెప్తున్నట్టు.

"పగలు ముట్టలే. నువ్వు దీపం ముట్టిచ్చి పోయినంక జర రొట్టె పెట్టిన. గంతే. నేను తింటుంటే అవి జాలీ వట్టుకొని సూడవట్టినయ్. సూసుకుంట ఎట్ల తింటం? దీపం ముందట పెట్టొద్దని నువ్వు చెప్పలే."

"ఏం పెట్టినవ్?"

"రొట్టె, బెల్లం, నానవెట్టిన శనగలు. మిగిలితే పాలు."

"ఎప్పటిసంది?"

"నువ్వచ్చినకాడి నుంచి."

అక్కడే నేల మీద కూలబడ్డాను. దాణా ఎందుకు మిగిలిందో, చెవి తెగినవాడు ఎందుకు బలిశాడో ఇప్పుడర్థమైంది. రాత్రి బెల్లమూ రొట్టే తిన్న ఎలుక పగలు నా ఎండుదాణా ఎందుకు తింటుంది? ముందు మంట, తర్వాత ఇంకేదో. చీకటి మారలేదు. దీపం మారలేదు. మారిందల్లా తిండి వేళ. కాలేయాలు వెలుతురును వదిలేసి రొట్టె వెంట పోయాయి! నేను నెలలు పట్టి తిప్పిన గడియారాన్ని అవ్వ వారం పైచిలుకులో మళ్లీ తిప్పేసింది. పైకే నవ్వాను, ఆపుకోలేక. అవ్వ భయపడి నర్సింగన్నను చూసింది.

"అవ్వా, తప్పు నాది. నువ్వు నా చదువు పాడు చెయ్యలేదు, నిలబెట్టినవ్" అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

"చక్కెర యాడికెళ్లి తీసినవ్? కోసినవా వాటిని?"

తలూపాను. ఆమె మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది.

"సంపుతవని నాకు చెప్పలే" అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "పోనీ తియ్. కడుపు నిండ తిని పోయినయ్" అంది.

ఒక్కసారి జరిగితే అది పొరపాటు, మళ్లీ చేసి చూపిస్తేనే రుజువు. మిగిలిన ఎలుకలను రెండు పెట్టెల్లో పెట్టాం. ఒకదానికి పగటి చీకట్లో నా దాణా, ఇంకోదానికి దీపం ముందు అవ్వ రొట్టె. అవ్వ ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. చెవి తెగినవాణ్ని ముట్టకూడదు. వాడు ఆమెకు. సరేనన్నాను. ఇంకా కొన్నాళ్లు ఉండిపోయాను.

ప్రొఫెసరు గారి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండోసారీ లెక్కలు అలాగే వచ్చాయి. నా పెట్టె పాత దారిలో, అవ్వ పెట్టె రొట్టె దారిలో. ఆయన చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి, "నేను చెప్పింది తప్పంటావ్" అన్నారు. అవునండీ అన్నాను. "అయితే మొదటినుంచీ రాయి" అని నా ఫెలోషిప్పు పొడిగించమని తనే సంతకం పెట్టారు. ఆహారం అన్న చోట జొన్నరొట్టె, బెల్లం అని రాస్తే ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు.

గుడ్డ ఎత్తిన పూట

బోధన్ నుంచి బయల్దేరాల్సిన రోజు సాయంత్రం, ఎండ ఇంకా అరుగు మీదే ఉంది. సంచి సర్దుకుని అవ్వకు చెప్పడానికి పోయాను. ఆమె చెవి తెగినవాడి పెట్టెను అరుగు మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన కంచంలో రొట్టె. వేళ కాకముందే ఆరోజు తినడానికి కూర్చుంది, నా రైలు కోసమనే.

"ఇగ ఎత్తచ్చునా?"

"ఎత్తు అవ్వా. వాడు నీవాడు."

బేగం బురఖాను నెమ్మదిగా పక్కకు లాగింది. ఎండ పడగానే వాడు కళ్లు చికిలించి, మూలకు పోయి గడ్డిలో తల దూర్చాడు. ఎన్ని నెలలైందో వాడు పగలు చూసి.

"పగలంటే గిదే బిడ్డా. బుగులువడకు" అంది అవ్వ. మూత తీసి, రొట్టె ముక్క తుంచి అరచేతిలో పెట్టుకుని చెయ్యి లోపలికి చాపింది.

గడ్డి కదల్లేదు. తర్వాత ముక్కు ఒక్కటే బయటికొచ్చింది. వెలుతురు వాణ్ని మూలకు తోస్తోంది, నాకు తెలుస్తూనే ఉంది. అయినా వచ్చాడు. ఒక్కో అడుగూ, ఒళ్లు నేలకు ఆనించి, ఎండలోంచి, అవ్వ అరచేతిలోకి. కూర్చుని రెండు చేతులతో రొట్టె పట్టుకుని తినడం మొదలుపెట్టాడు. నా సిద్ధాంతమంతా ఆ అరచేతిలో కూర్చుని నములుతోంది.

అవ్వ తలెత్తి నన్ను చూసింది.

"ఇది తిన్నది. నువ్వు తిన్నవా?"

లేదన్నాను. సంచి కింద పెట్టి పక్కన కూర్చున్నాను. రైలు పోతే పోయింది.